ఎడమ చేతి వేళ్లు రెండు

పాత పోస్టాఫీసు దిగువన మా కొట్టు.
జిరాక్స్, లామినేషన్, తెలుగు టైపింగ్ అని బోర్డు.
ఓడలొచ్చిన వారం మాత్రం
బోర్డు మీద లేని భాషలు ఇంకో నాలుగు
లోపల దొరుకుతాయి.

ఎడమ చేతి వేళ్లు రెండు చాలు.
ఆల్ట్ మీద ఒకటి, షిఫ్ట్ మీద ఒకటి.
తెర మూలన 'తెలు' మాయమవుతుంది,
'గు'కి అక్కడ ఎప్పుడూ చోటు లేదు.
ఇంకేదో దేశం వచ్చి కూర్చుంటుంది.
మీటలు అవే. మురికీ అదే.
నిన్నటి పకోడీ నూనె 'క' మీద అలాగే ఉంటుంది,
'క' మాత్రం ఉండదు.

గెన్నాది బొగ్గు ఓడలో వంటవాడు.
పదకొండు రోజులు బయట లంగరు,
పన్నెండో రోజు మా కొట్లో.
మీటల మీద తన అక్షరాలు లేవు,
అయినా ఒక్కసారీ కిందికి చూడలేదు.
కరెంటు పోయినప్పుడు మన ఇంట్లో
అగ్గిపెట్టె మన చేతికి దొరికినట్టు
వేళ్లు వాటంతటవే వెళ్లాయి.
రెండు పేజీలు. ఎవరికో అడగలేదు.
నాకు నాలుగక్షరాలు నేర్పాడు, నేను టీ ఇప్పించాను.
వెళ్తూ భాష మార్చడం మరిచాడు.
నేనూ మరిచాను.

తెల్లారి మసేనమ్మ వచ్చింది, విరిగిన బోటుకి అర్జీ.
చేతిలో ప్లాస్టిక్ కవరు,
దాన్లో ఇంకో కవరు, దాన్లో ఆధార్.
"మాయమ్మ పేరన ఉంది బోటు. అలాగే రాయి."
నేను కాగితం చూస్తూ కొట్టుకుపోతున్నాను,
ఆవిడ తెర చూస్తోంది.
చదువు రాదు. వేలిముద్ర.
"ఇయి మనయి కావు" అంది.

ఏవి?

"మన అచ్చరాలు గుల్లల్లాగ గుండ్రంగుంటాయి.
ఇయేటి,
ఎండుచేపలకి పాతిన కర్రల్లాగ నిలబడ్డాయి?"

తలెత్తాను. అర పేజీ కర్రలు.
'అమ్మ' అని కొట్టిన చోటల్లా
గెన్నాది నేర్పినవాటిలో రెండే, మార్చి మార్చి.
కూడబలుక్కుని పైకి చదివాను:
వ్‌స్... వ్‌స్...
మసేనమ్మ పకపకా నవ్వింది.
"ఇసకలోంచి నీరు ఎనక్కి లాగినప్పుడు
అలాగే అంటాది."
తర్వాత నవ్వలేదు.

అర్జీలో ఒక గడి ఉంటుంది, మరణించిన తేదీ అని.
తేదీ తెలీదంది.
ఆదివారం అని రాయమంది.

చెరిపేశాను. రెండు వేళ్లు. 'తెలు' వచ్చింది.
మళ్లీ మొదట్నించి: అ, మ, కింద ఇంకో మ.
ఆవిడ తెర దగ్గరికి వంగింది,
గుండ్రాలన్నీ వేలితో తడిమి
"ఆఁ, ఇదీ" అంది.
గాజు మీద కాస్త ఉప్పు అంటింది.

పేజీకి ఇరవై. పదిహేనిచ్చి రేపంది.

రాత్రి షట్టరు దించేముందు
జాబితాలోంచి రష్యన్ తీసేద్దామని తెరిచాను.
నిజంగా తీసేయాలా, అని అడిగింది కంప్యూటరు.
కాదు మీద నొక్కాను.
బయట ఇంకో ఓడ బెర్తు కోసం కూస్తోంది.