నిండా నిమిషం

రోగి పట్ల నర్సు పాటించవలసిన విలువలను వివరింపుము.
పది మార్కులు.
నలభై రెండు మంది పిల్లలు
ఒకే వరసలో, ఒకే అక్షరదోషంతో రాశారు.
నేనూ అట్లా రాసినదాన్నే.
నాకప్పుడు తొమ్మిదిన్నర వేశారు.
పోయిన ఆ అర మార్కు ఎక్కడుందో
రెండో సంవత్సరం రాత్రి డ్యూటీలో దొరికింది.

తిరుపతి పెద్దాసుపత్రి. ఆడవాళ్ళ వార్డు.
ముప్పై మంచాలకి నలభై ఒక్క మంది.
కిటికీలోంచి కొండ మీద ఘాట్ రోడ్డు దీపాలు
తెగిపోయిన పూసల దండలా.
నిద్ర, కళ్ళలో ఎవరో ఇసుక పోస్తున్నట్టు.

పదిహేడో మంచం రెడ్డెమ్మ,
దామలచెరువు మామిడి మండీలో కాయలేరే మనిషి.
ఆమె చార్టులో రెండు గంటల గడి ఖాళీ.
పది గంటల గడిలో నాడి డెబ్బై ఎనిమిది.
మళ్ళీ అదే అంకె వేస్తే బాగుండదని
ఎనభై వేశాను.
అబద్ధానికి కూడా కాస్త సింగారం కావాలి గదా.

సిస్టర్ ఎస్తేరు నడిస్తే చప్పుడుండదు.
చార్టు చూసింది, రెడ్డెమ్మని చూసింది,
నన్ను చూడలేదు.
"ఏ పక్క చెయ్యి పట్టుకున్యావు?"
"ఎడమ."
ఎడమ చేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా
కట్టు.

రెడ్డెమ్మ మేలుకునే ఉంది.
"పాప వచ్చింది సిస్టరమ్మా. కుడి చెయ్యే ఇచ్చినా.
నిద్రమొకాన మర్చిపోయిండాది."
నా కోసం ఆమె ఆడిన అబద్ధం
నా అబద్ధం కన్నా బరువు.

సిస్టర్ నా మూడు వేళ్ళు తీసి
ఆ కుడి మణికట్టు మీద పెట్టింది.
"అర నిమిషం ఎంచి రెండింతలు చెయ్యొద్దు.
నిండా నిమిషం."
ఎంచాను. తోలు కింద
ఎవరో తరుముతున్నట్టు, తడబడి, ఆగి, మళ్ళీ లేచి
నూట ఇరవై నాలుగు.

తర్వాత డాక్టరు, ఆక్సిజను, పరుగులు.
రెడ్డెమ్మ బతికింది.
బతక్కపోతే ఇదంతా రాసేదాన్నో లేదో
నాకు తెలియదు.

తెల్లారుజామున చార్టు నా ముందు పెట్టింది సిస్టర్.
వైట్‌నర్ తీశాను.
చేతి మీద మెల్లగా ఒకటి వేసింది.
"తుడిస్తే తప్పు జరగలేదని చెప్పినట్టు.
గీత కొట్టు. ఒకే గీత.
కింద అంకె కనపడాల.
పక్కన నిజం రాయి, టైము రాయి,
నీ పేరు పూర్తిగా రాయి. గిలుకుడు సంతకం పనికిరాదు."
కొట్టాను. గీత వంకరపోయింది.
ఎనభై కనపడుతూనే ఉంది.

ఇంటికి పొయ్యే రోజు రెడ్డెమ్మ నవ్వుతా అంది:
"గంపలో పైవరస చూసి లెక్క రాసేవాళ్ళు
మా మండీలోనూ ఉండారు పాపా.
ఎంచాల. ఒక్కో కాయా ఎత్తి, తిప్పి ఎంచాల."
అంటే ఆ రాత్రే ఆమెకంతా తెలుసు.

ఇప్పుడు టైము పదకొండు.
పేపర్ల కట్ట మీద ఫ్యాను గాలి.
రేపు వీళ్ళని వార్డుకి తీసుకుపోయి
విలువలెన్ని అని అడగను,
ఏ పక్క చెయ్యి అని అడుగుతాను
అనుకుంటూ ఎర్రపెన్ను మూత పెట్టబోయి
ఇరవై తొమ్మిదో పేపరు దగ్గర ఆగాను.
హేమావతి, పుంగనూరు పిల్ల.
చేతిరాత చూసి, ఒక పేజీ తిప్పి
ఏడు వేసేశాను.
చదవలేదు.

ఏడు మీద గీత. ఒకటే.
పక్కన నా పేరు, పూర్తిగా.
మొదటి పేజీ నుంచి మళ్ళీ.