సంచి ఎవురు పట్టుకుంటారు

పాలిష్ బండల బిల్లుబుక్కులో
ఆఖరి పసుప్పచ్చ కాగితం వెనకాల రాసుకుంటాండా:
మంగళవారం రాత్రి, తాడిపత్రి బస్టాండు.
అనంతపురంలో దిగి బెంగుళూరు బస్సు.
తెల్లారేసరికి మెజెస్టిక్‌లో మొగం కడుక్కోవాల.
ఆడినుంచి ఆ ఆటల ఊరికి ఇంకో బస్సు,
దాని నంబరు కోసం ఒక గడి ఖాళీగా వదిలినా.

పొద్దంతా చదరపుటడుగులు గుణించే చెయ్యి ఇది.
లారీకింత, లోడింగుకింత అని
ఇరవై రెండేండ్లుగా ఒక్క లెక్క తప్పలేదు.
ఈ కాగితం మీద మాత్రం
'మనుషులు' అన్నచోట ఒకటి వేసి
రెండుసార్లు దిద్దినా,
ఏడు మాదిరి కనపడతాందని.

ఫోను చేస్తే ఆ పిల్ల తియ్యగా అడిగింది,
"ఎంతమంది మేడమ్?"
"ఒక్కదాన్నే."
"నలుగురికైతే ఫ్యామిలీ ప్యాకేజీ ఉంది మేడమ్,
రూములో రెండు పెద్ద మంచాలు..."
"నాకు ఒక మంచం చాలు తల్లీ."
ఆ పక్క కొంచేపు కీబోర్డు టకటకలు.
అప్పుడు అడిగినా, రెండు దినాలుగా గొంతులో ఉన్నది:
"ఆట ఎక్కేటప్పుడు సంచి ఎవురికియ్యాల?"

నవ్వలేదు, మంచి పిల్ల.
లాకర్లుంటాయంట.
తాళంచెవి మణికట్టుకు కట్టిస్తారంట.

ఇది తెలీక ఇన్నేండ్లూ
నేనే లాకరు.

అనంతపురం ఎగ్జిబిషన్లో జెయింట్‌వీల్ కింద
ఎనిమిది జతల చెప్పులు,
మా ఆడబిడ్డ నాగరత్న హ్యాండ్‌బ్యాగు,
సగం కొరికిన మొక్కజొన్న కంకి,
నిద్దరపోయే వాళ్ల చంటోడు,
అన్నీ నా మీదనే.
పైనుంచి అందరూ చేతులూపినారు.
ఊపేదానికి నాకు చెయ్యి ఖాళీ లేదు,
గడ్డం ఊపినా.
ఇస్కూలు ఎస్కర్షన్ ఫోటోలో, అంచున
నీళ్లసీసాల గుత్తి ఒకటి కనపడతాది సూడు,
దాని వెనకాల ఉండేది నేనే.

"ఒక్కదానివే పోయి ఏం జేస్తావు మే?"
బొరుగులు నముల్తా మాబున్ని అడిగింది.
ఆమె కనురెప్పల మీద గూడా రాతిపొడి.
"అరుస్తా."
"అరిసేదానికి బెంగుళూరు దాకానా?"
ఈడ అరిస్తే పాలిష్ మిషను రొదలో ఎవురికి ఇనపడ్తాది
అందామనుకున్నా. అనలేదు.
ఆమె ఒళ్లోంచి గుప్పెడు బొరుగులు తీసుకున్నా.

చీర కట్టుకొని నీళ్లలోకి దిగనీరంట.
నైలాన్ డ్రెస్సు ఒకటి, రేపు సంతలో.
ఓళిగలు లోపలికి రానీరంట,
నాలుగూ బస్సులోనే తినెయ్యాల.
బీపీ లేదని డాక్టరు రాసిచ్చిన చీటీ, మడిచి, పర్సులో.
పెద్దదే ముందు ఎక్కాల, ఆ తల్లకిందులు చేసేది.
పొద్దున వండిన భయం
మధ్యాన్నం దాకా ఉంచితే పులుస్తాది.

సెలవు కాగితంలో 'కారణం' అన్నచోట
జ్వరం అని రాసినా, కొట్టేసినా.
పెండ్లి అని రాసినా, కొట్టేసినా.
కొట్టేసిన గీతలతోనే ఓనరుకిచ్చినా.
ఆయన అద్దాలు పైకి నెట్టి
గీతల కింద ఉండేవి రెండూ చదివి
ఏమీ అనకుండా సంతకం పెట్టినాడు.

నిన్న సాయంత్రం లారీలన్నీ పోయినాక
వేబ్రిడ్జి మీదికి నడిచి నడిమధ్యన నిలబడినా.
ఆటకు బరువు రూలు ఏమన్నా ఉంటే
ముందే తెలుసుకోని పోదామని.
ఎంత పెద్ద ఇనప పలక అది!
బండల లారీలు మోసి మోసి మధ్యలో నున్నగైపోయింది.
కింద ఏదో సన్నగా కదిలినట్లనిపించింది.
ఎర్ర అంకెలు కొంచేపు తడుముకోని, తడుముకోని
అరవై కాడ నిలబడినాయి.

క్యాబిన్ కిటికీలోంచి కుళ్లాయప్ప కేకేసినాడు:
"సుంకులమ్మక్కా, లోడా, ఖాళీనా?"

"లోడే," అన్నా. "చీటీ కొట్టు."