గడప దాటే బొమ్మ

తెర మీదున్నంతసేపూ ఇంట్లో పులి.
'ఎగుమతి' నొక్కగానే వీధిలో పిల్లి.
నాలుగేళ్లుగా ఆ గడప దగ్గరే నా కొలువు.

గ్యుమ్రీలో మా ఆఫీసు రెండో అంతస్తు.
కింద మిహ్రాన్ రాళ్ల దుకాణం.
నల్ల బసాల్టు పలకలు కోసే రంపం
పొద్దున తొమ్మిదికి మొదలైతే
నా టీ గ్లాసులో చెంచా సన్నగా వణుకుతుంది.
మధ్యాహ్నం లేజరు దిగుతుంది పనిలోకి,
పోయినవాళ్ల మొహాలు రాతికి ఎక్కించడానికి.

మేం తయారుచేసే బొమ్మల సాఫ్ట్‌వేర్‌ని
ఎక్కడెక్కడో ఎవరెవరో వాడతారట.
నేనెరిగిన వాడుకరి ఒక్కడే,
మెట్లెక్కి వచ్చి మరీ తిట్టిపోయేవాడు.

ఆ మంగళవారం తిట్టలేదు.
పలకను భుజాన మోసుకొచ్చి
నా కీబోర్డు పక్కన దించాడు. బల్ల మూలిగింది.
"చూడు."

ఒక ముసలామె.
ముడతలన్నీ ఉన్నాయి, కుడి కనుబొమ్మ మీది గాటు కూడా.
జుట్టు చుట్టూ మాత్రం
వెంట్రుకంత మందాన ఒక తెల్లటి గీత,
ఈ చెవి నుంచి ఆ చెవిదాకా.

"నునూఫర్ చెల్లెలు వచ్చి చూసింది.
మా అక్క నార్దీలో తొండి ఆడే మనిషి,
నెత్తి చుట్టూ ఈ వెలుగు చక్రమేంటి,
ఎప్పుడు దేవతను చేశారు, అని అడిగింది.
ముందు నవ్వింది. తర్వాత డబ్బివ్వనంది."

నాకు తెలుసు ఆ గీత.
ఏడాది కిందటే ఎవరో రాశారు దాని గురించి.
'చిన్న విషయం' అని చీటీ అంటించింది నేనే.

ఫోటోలో వెనకటి గోడను చెరిపేస్తే
అంచున కొన్ని చుక్కలు మిగులుతాయి
సగం ఉండీ, సగం లేకుండా.
వాటిని బయటికి పంపేటప్పుడు
మా ప్రోగ్రాం ఎవరినీ అడక్కుండా
కాస్త తెలుపు కలిపేది,
పాలవాడు నీళ్లు కలిపినట్టు.
తెల్ల కాగితం మీద ఎవరి కంటా పడదు.
నల్ల రాయి దాచదు.
లేజరుకి తెలుపంటే, కాల్చమని.

వెనక్కి తీసుకునే మీట నాకుంది.
మిహ్రాన్‌కి లేదు.

రెండు రోజులు వెతికాను.
రాత్రుళ్లు సేడా ఉండిపోయింది,
ఎండు ఆప్రికాట్లు నములుతూ, నాకు రెండో జత కళ్లై.
దొరికింది: పదకొండేళ్ల కిందట
ఇప్పుడు మాతో లేని ఎవరో రాసిన ఒక్క లైను.
పక్కనే వాళ్ల మాటే: 'తర్వాత సరిచేయాలి.'
ఆ తర్వాత గురువారం వచ్చింది.

చెయ్యి తడైంది కదా అని మిగతావీ పట్టాను.
అంగుళానికి డెబ్బై రెండు చుక్కలు.
ఆ అంకెను ఎవరు కూర్చోబెట్టారో,
ఎగుమతి కిటికీలో ఇల్లరికపుటల్లుడిలా పాతుకుపోయింది.
లేపాను.
ఇప్పుడా కిటికీ అడుగుతుంది:
ఎంత పెద్దగా? దేని మీదికి?
కాగితమా, గుడ్డా, రాయా?
రాయి అంటే, అసలు కొలతలో, నలుపు మీద పెట్టి,
అంచులెలా ఉంటాయో ముందే చూపిస్తుంది.
బాగోకపోతే బాగోనట్టే.

శుక్రవారం కొత్త పలక.
మిహ్రాన్ భూతద్దం పట్టుకుని
ఈ చెవి నుంచి ఆ చెవిదాకా నడిచాడు.
జుట్టు కొసలు వాటంతటవే చీకట్లో కలిసిపోయాయి.
ఏమీ అనలేదు.
మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"నువ్వు పంపిన ఫైలు పేరు చూశావా?"
చూడలేదు.
'పేరులేనిది-2.'
"ఆమెకో పేరుంది," అన్నాడు, దిగిపోయాడు.

చెడిపోయిన పలక నా దగ్గరే ఉండిపోయింది.
కిటికీకి ఆనించాను. సాయంత్రం ఎండ పడితే
మొహం కంటే ముందు ఆ తప్పు గీతే మెరుస్తుంది.

కొత్త పని ఒకటి రాసుకున్నాను:
పేరు అడక్కుండా ఏ బొమ్మా గడప దాటకూడదు.
ప్రతిసారీ అడిగితే జనం విసుక్కుంటారు,
అంటోంది సేడా.

విసుక్కోనీ.