సుద్దగీతలు

డండీలో, పెర్త్ రోడ్డు మీది మా కొట్టు వెనకగది గోడకి
దర్జీసుద్దతో గీసిన గీతలున్నాయి.
చూసినవాళ్ళు పిల్లాడి ఎత్తు అనుకుంటారు.
"ఎంత ఎదిగాడో!" అంది మొన్న మిసెస్ కిన్నెయిర్డ్,
మొగుడి పాంటు పొట్టి చేయించడానికొచ్చి.
కాదనలేదు నేను.

అవి నా ఎడమచేతి ఎత్తులు.

ముందు నిద్ర పోయింది.
తర్వాత, నెలనెలా రావలసింది
చెప్పాపెట్టకుండా మూడు నెలలు మానేసి
వచ్చిననాడు ఇక వెళ్ళనంది.
టే నది మీంచి చలిగాలి కోస్తుంటే
కొట్టు తలుపు బార్లా తీసి నిలబడేదాన్ని,
మెడ వెనక చెమట కారుతూ.
ఆపైన ఓ అక్టోబరు పొద్దున
బ్రా హుక్కు కోసం వీపు మీదికి వెళ్ళిన చెయ్యి
నడుం దగ్గరే ఆగిపోయింది,
అద్దె బాకీ ఉన్న ఇంటి గుమ్మం ముందు ఆగినట్టు.

మా ఆయన పేరు భుజంగరావు.
పేరులో అంత భుజం పెట్టుకుని
నా భుజానికేమైందో ఆయనకీ తెలియలేదు.
"ఈ వయసులో మామూలే" అన్నాడు డాక్టరు.
ఆ మాట ఎవరి కొలతలకి కుట్టారో గానీ
నాకు చంకల దగ్గర బిగుతుగా ఉంది.

ఇప్పుడు వారానికి రెండుసార్లు
తొడ మీద పల్చటి బిళ్ళ ఒకటి అంటించుకుంటాను.
ఇరవై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ మోకాళ్ళకీ మోచేతులకీ అతుకులేసినదాన్ని,
నాకు నేను వేసుకోవడం కొత్త.
దారం లేదు, అంచు మడత లేదు,
స్నానం చేస్తే ఓ మూల లేస్తుంది.
నా చేతిపనే అయితే ఒప్పుకునేదాన్ని కాదు.

"గోడ మీద వేళ్ళని నడిపించు, సాలీడులా" అంది
ఫిజియో పిల్ల ఐలీ.
"నొప్పి వస్తే ఆగు.
భయం వస్తే మాత్రం వెనక్కి రాకు, కాసేపు అక్కడే ఉండు."
ఏది నొప్పో ఏది భయమో విడదీయడానికే
నెలలు పట్టింది.
నలుపూ ముదురు నీలమూ లాంటి దారాలు,
దీపం కింద పెట్టి చూస్తేగాని తేడా తెలియదు.
నొప్పి లేని రోజున కూడా
చేతిని పక్కటెముకలకి ఆనించుకునే నడిచేదాన్ని,
ఎవరిదో గాజుగిన్నె మోస్తున్నట్టు.

మొదటి గీత స్విచ్చుబోర్డు కన్నా కింద.
డిసెంబరులో రెండు వేళ్ళు పైకి.
జనవరిలో కిందికి.
అవును, అదీ గీశాను,
కొలత దగ్గర అబద్ధమాడితే గుడ్డ పాడవుతుంది.
ఫిబ్రవరిలో అసలేమీ గీయలేదు.
పై మేకులకి తగలాల్సిన కిల్టులన్నీ కుర్చీ మీద గుట్టపోసి,
ఓ సాయంత్రం కత్తెర విసిరికొట్టి,
మళ్ళీ నేనే వంగి తీసుకున్నాను.
రేపటి ఒంటి కోసమని
కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ మడిచి పెడతాం మేము.
నా లోపల అలాంటిదేమైనా మిగిలుందా అని
చీకట్లో తడుముకున్న రోజులవి.

నిన్న నైన్‌వెల్స్ బస్సు కదిలిపోతోంది.
కుడిచేతి నిండా ఎవరిదో పెళ్ళిగౌను, నేలకి తగలకూడదు.
ఎడమచెయ్యి లేచింది.
నన్నడగలేదు.
చెవి దాటింది, ఉన్నిటోపీ దాటింది,
చినుకుల్లో అయిదు వేళ్ళూ విచ్చుకుని...
"ఆగవయ్యా!" అని అరిచాను, తెలుగులోనే.
ఆగాడు.

సీట్లో కూలబడ్డాక వచ్చింది నొప్పి,
ఆలస్యంగా, వగరుస్తూ,
పరిగెత్తి బస్సెక్కిన మనిషిలా.
పక్కకి జరిగి చోటిచ్చాను.

ఈ పొద్దున సుద్ద పట్టుకుని గోడ దగ్గరికెళ్ళాను.
బస్టాపులో లేచిన ఎత్తుని ఇక్కడెలా గీయడం?
అక్కడ గోడే లేదు.
సుద్ద జేబులో వేసుకుని
కిన్నెయిర్డ్ గారి పాంటు పై మేకుకి తగిలించాను.
కుడిచేత్తోనే.
రేపు, ఎడమచేత్తో
దించుతాను.