మటన్ కొట్టు దాటాక

వ్యాసర్‌పాడిలో ఆదివారం పొద్దున
గుడికి పోయే దారి మటన్ కొట్టు ముందునుంచే.
మా ఆషెరు అక్కడ ఆగి
తలకిందులుగా వేలాడేవాటిని లెక్కపెట్టేవాడు.
ఏడేళ్లకి వాడు చూసిన గొర్రెలన్నీ అవే.

అందుకే సండే స్కూల్లో
కాపరి వాక్యం కంఠతా పట్టమంటే
"వద్దు, ఆ గొర్రెల్ని ఆఖరికి ఏం చేస్తారో నాకు తెలుసు"
అన్నాడట.
టీచరు నవ్వలేదు. నాకు ఫోన్ చేసింది.

నైట్ డ్యూటీ దిగి వచ్చి
ఇడ్లీ పిండిలో చెయ్యి పెట్టి ఉన్నాను.
ఏం చెప్పను?
చిన్నప్పుడు ఆ వాక్యం నాకూ
తల వంచి తినిపించిన కాకరకాయ కూరే.
పదకొండేళ్లుగా ఐసీయూలో
మంచం చుట్టూ తెర లాగే చప్పుడు విని విని
రాత్రి ప్రార్థన నా నోట్లో ఏ రోజు ఆగిపోయిందో
గుర్తు లేదు.
పళ్లు తోముకోవడం మానలేదు. అది మానేశాను.

మా అమ్మ సువార్తమ్మకి చదువు రాదు.
వాడికి తెలుగు అక్షరాలు రావు,
అమ్మమ్మా అనడం కూడా రాదు, పాటీ అంటాడు.
ఇద్దరి మధ్యా నల్ల అట్ట పుస్తకం,
దాని కడుపులో రేషన్ కార్డు జిరాక్సు,
మట్టల ఆదివారం నాటి ఎండు మట్ట, నాన్న ఫొటో.

ఆ రోజు ఆమె పుస్తకం తెరవలేదు.
కాళ్లు చాపుకుని
"ఒరే, నేను గొర్రెలు కాశాను తెలుసా" అంది.

నాకే తెలియదు.
ముప్పై ఎనిమిదేళ్లలో నాతో ఒక్కసారీ అనలేదు.

కందుకూరు అవతల, తొమ్మిదేళ్లప్పుడు,
కామందు దగ్గర జీతం.
ఏడాదికి రెండు బస్తాల జొన్నలు, ఒక దుప్పటి.
"గొర్రెలు మావి కావురా. కాపలా ఒక్కటే మాది.
పొద్దుగూకితే కామందు తలలు లెక్కేసేవాడు.
నాకు లెక్క రాదు, మొహాలొచ్చు.
చెవి చిరిగింది, దగ్గేది, తల్లి లేంది...
ఏది రాలేదో చూడంగానే చెప్పేదాన్ని."

"దొరికాక కోశారా?"
"కోశారు."

అబద్ధమాడుతుందేమోనని నేను గరిటె పట్టుకుని చూస్తున్నాను.
ఆడలేదు.
కింద ఏదో లారీ వెనక్కి వస్తూ కూసింది, ఆగింది.

"అందుకేరా," అంది చాలాసేపటికి,
"గొర్రెల్ని కోతకివ్వక
తానే పోయిన కాపరి ఒకడున్నాడని
బోధకుడు మా పల్లెలో చెబుతుంటే
దడి అవతల నిలబడి విన్నాను.
అట్టాంటి కాపరి ఉంటాడా అని.
కామందు కేకేశాడు. కదల్లేదు."

తర్వాత పిలుపు నేర్పింది.
నాలుక అంగిట్లో ఆడించి, గాలి బిగబట్టి,
డ్రుర్ర్ర్... హో!
హౌసింగ్ బోర్డు మూడో అంతస్తులో ఇద్దరూ నిలబడి
లేని మందని తోలుకొస్తుంటే
కింద సెల్వి అక్క బిందె దించి పైకి చూసింది.

వాడు వాక్యం ఇంకా అప్పజెప్పలేదు.
పిలుపు మాత్రం క్లాసంతటికీ నేర్పాడు.
టీచరు మళ్లీ ఫోన్ చేసింది.

డిసెంబరు వానల్లో అమ్మకి ఎడమ పక్క పడిపోయింది.
మాట పోయింది.
స్టాన్లీ ఆసుపత్రికి పాస్టరయ్య వచ్చి ప్రార్థించాడు.
కళ్లు తెరవలేదు.
నాకు చార్టు చదవడం వచ్చు,
చదివి మూసేశాను.

ఆషెరు మంచం కమ్మీ మీదికి వంగాడు.
వార్డంతా తిరిగి చూసేలా
డ్రుర్ర్ర్... హో!
ఆమె కుడి చేతి వేళ్లు
దుప్పటి అంచు వెతికాయి. అంతే.
రిఫ్లెక్సు అంటాడు డాక్టరు.
నేనూ అనగలను.

తిరిగొచ్చేటప్పుడు గణేశపురం సబ్‌వేలో నీళ్లు.
బస్సు ఆగిపోయింది, దీపాలు ఆర్పేశారు.
వాడు నా భుజం మీద నిద్రపోతున్నాడు.
ఎవరూ చూడట్లేదని
నాలుక పైకి ఆనించి చూశాను.
ఉత్త గాలి వచ్చింది.

కళ్లు తెరవకుండానే
"అట్లా కాదమ్మా" అన్నాడు.