ఆర్ మీట

మా రేకుల షెడ్డులో మూడు టైపు మిషన్లు.
కిటికీ పక్కది నాది.
దాని ఆర్ మీట కొడితే పడుకుంటుంది, లేవదు.
తలపిన్నుతో పైకి లాగాలి ప్రతిసారీ.
యుద్ధం నడిచినన్నాళ్లూ సర్దుకుపోయాను.
అయిపోయాకే తెలిసొచ్చింది
రాజీనామాకీ ర్యాంకుకీ రిటైర్‌మెంటుకీ
ఆ ఒక్క అక్షరమే తలుపు తీయాలని.

లింకన్‌షైర్. నలభై ఆరు జనవరి.
రన్‌వే మీద కుందేళ్లు.
బీట్‌దుంపల చేలలోంచి పొగమంచు నడిచొచ్చి
తలుపు కింద సందులోంచి దూరి
పాదాల మీద కూర్చుంటుంది.
బొగ్గుకు రేషను.
గెజిట్‌కు పోవాల్సిన పేర్లకు మాత్రం కరువు లేదు.

పదోన్నతులు ముందు,
వదులుకున్నవాళ్లు తర్వాత,
ఒంట్లో బాగోలేక వదులుకున్నవాళ్లు అట్టడుగున.
కార్బన్ పెట్టి నాలుగు ప్రతులు.
నాలుగో ప్రతిలో అందరూ మసగ్గా ఉంటారు.

వింగ్ కమాండర్ పార్జిటర్ వచ్చాడు. ఇరవై ఆరేళ్లు.
చొక్కా చేతి మీద మూడు పట్టీలు,
అందులో ఒకటి యుద్ధం ఇచ్చిన అరువు.
కొలువులో ఉంటానంటే రెండుకు దిగాలి.
వెళ్లిపోతానంటే
మూడూ పేరు ముందు ఉంచుకోవచ్చు.
"ఉంటే దిగాలి, పోతే ఉంచుకోవాలి,
ఇదెవరు కట్టిన నిచ్చెన?" అన్నాడు.
అరువు సొమ్ము బరువు చేటని నవ్వి
పోతానని సంతకం పెట్టాడు.

స్టోర్స్ సార్జెంట్ అప్‌జాన్ మాత్రం నవ్వలేదు.
గాగుల్స్ ఒక జత తక్కువ.
ఎక్కడ?
డెన్మార్క్ అవతల, నీళ్లలో.
ఆ కాగితంలో నీళ్లకు గడి లేదు.
"అజాగ్రత్త" అని రాసి
ఏడు షిల్లింగులు కట్టించుకున్నాడు.

మరుసటి వారం సైకిలు కోసం మళ్లీ వచ్చాడు,
సర్కారు ఇచ్చిన చారల సూటులో,
చెవుల దాకా దిగిన టోపీతో.
గేటు దగ్గర కుర్రాడు గుర్తుపట్టక
సెల్యూట్ చెయ్యలేదు.
ఈయన చెయ్యి సగం లేచి
టోపీ సవరించుకుని దిగింది.

కీట్లీ ఉన్నాడు, నలభై దాటినవాడు,
మళ్లీ బస్సు డిపోకే.
అక్కడ ఇన్‌స్పెక్టరు ఎవరనుకున్నావు,
ఇతని విమానంలో తోక దగ్గర తుపాకీ పట్టిన మనిషి!
"ఇప్పుడు ముందు ఎవరు పలకరించాలి?" అని
నన్నడిగాడు, నేనేదో నిబంధనల పుస్తకమైనట్టు.

ఇక ఆ శుక్రవారం.
పదోన్నతుల్లో ఇరవై మూడో పేరు:
ఫ్లయింగ్ ఆఫీసర్ ఎల్. గారడ్,
ఫ్లైట్ లెఫ్టినెంట్‌గా,
గత ఏప్రిల్ తొమ్మిది నుంచి అమలు.

గారడ్ ఫిబ్రవరిలోనే తిరిగి రాలేదు.
విస్ట్ ఆటలో నాకు అర క్రౌను బాకీ.
ఇన్ని నెలలు నిండితే ఒక మెట్టు అనే లెక్క
ఎక్కడో దానికదే నడుస్తోంది,
ఆపమని దానికెవరూ చెప్పలేదు.
కొట్టేయమని ఎర్ర పెన్సిలిచ్చారు.
రూలుకర్ర పెట్టాను. పెన్సిలు ఆనించాను.
నాలుగున్నర గంట కొట్టింది.
కాగితాన్ని టీ డబ్బా కింద పెట్టి
బారెక్‌కు వెళ్లిపోయాను.

శనివారం, ఆదివారం
గారడ్ ఫ్లైట్ లెఫ్టినెంట్.
రోజు జీతం కొంచెం పెరిగింది,
నా బాకీ తీర్చేంత.
సోమవారం పొద్దున గీత గీశాను.
వంకరగా వచ్చింది. పొయ్యి ఇంకా రాజుకోలేదు.

నా విడుదల ముప్పై నాలుగో గుంపులో.
కార్పొరల్ పేర్లు గెజిట్‌కు ఎక్కవు,
మాకు నోటీసు బోర్డూ నాలుగు గుండుసూదులూ చాలు.
బట్టల కూపన్లిచ్చారు,
గ్రిమ్స్‌బీ దాకా రైలు పాసిచ్చారు.
నా కుర్చీలోకి వచ్చే పిల్లకు
చెప్పాల్సింది చాలానే ఉంది, చెప్పలేదు.
తలపిన్నుకు "ఆర్" అని చీటీ కట్టి
సొరుగులో వదిలేశాను.

రైల్లో దారి పొడుగునా
జుట్టు కళ్లలో పడుతూనే ఉంది.