ఊదుండ్రి సారూ

శనివారం రాత్రి పదకొండున్నర.
హబ్సిగూడ మలుపుల మూడు బారికేడ్లు,
ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు,
హోంగార్డును నేనొక్కణ్ణి.
నా చేతిల చిన్న డబ్బా, దానికో తెల్ల గొట్టం.
ఈ పట్నం ఊపిరంతా
ఇందులోంచే పోవాలన్నట్టు
బండి బండినీ ఆపుతున్న.

అందరూ రెండే తాగుతరు.
పదేండ్ల నుంచి చూస్తున్న,
మూడు తాగినోడు ఈ తొవ్వల
ఒక్కడన్నా రాలే.
"రెండే అన్నా" అంటరు.
అబద్ధమాడుతున్నరని అనుకునేటోణ్ణి మొదట్ల.
కాదు.
లెక్కవెట్టేటోడే అందరికన్న ముందు పండుకుంటడు లోపల.

ఒకాయన నాకు చట్టం చదివి చెప్తడు.
ఒక పిల్లగాడు ఊదమంటే పీలుస్తడు,
మళ్లీ పీలుస్తడు, సిగరెట్టనుకొని.
ఇంకొకడు భుజం మీద చెయ్యేసి తమ్ముడంటడు,
సంతకం పెట్టమనంగనే
నా ఏడు తరాలను రోడ్డు మీదికి గుంజుతడు.
పొద్దున వాళ్లమ్మ వచ్చి
"వాడట్ల మాట్లాడేటోడు కాదు సారూ" అంటది.
నిజమేనమ్మా.
రోజూ పెదవుల కాడ ఆగిపోయే మాటలవి.
నిన్న ఆపేటోడు లేడు.

అప్పుడొచ్చింది పాత ఆకుపచ్చ స్కూటరు.
హెల్మెట్ తీసినంక గుర్తువట్టిన.
వామన్‌రావు సారు.
రామంతాపూర్ సర్కారు బడిల లెక్కలు.
పంతొమ్మిదో ఎక్కం తప్పినందుకు
నన్ను ఎండల నిలబెట్టిన మనిషి,
కాసేపటికి తనే వచ్చి పక్కన నిలబడి
"ఇద్దరం కలిసి చెబుదాం పా" అన్న మనిషి.

"ఊదుండ్రి సారూ."
గొంతు నాదిలెక్క లేదు.
"నాకేం కాలేదురా ఎల్లేశూ!
కావాల్నంటే ఎక్కం చెబుతా విను."
పంతొమ్మిది ఒకట్ల పంతొమ్మిది,
పంతొమ్మిది రెళ్లు ముప్పై ఎనిమిది...
ఒక్క తప్పు లేదు.
పంతొమ్మిది పదులు నూటతొంభై దాకా
గోడ పట్టుకోకుండ నడిచిపోయిండు.
కానిస్టేబుళ్లు చప్పట్లు కొట్టిన్రు.

స్కూటరుకు స్టాండు వేయలేదాయన.
ఎక్కం చెప్తున్నంతసేపూ
అది మెల్లగ ఒరుగుతున్నది
ఆయన కాలు మీదికే.
ఆయనకు తెలుస్తలేదు.

నేను బండి పట్టుకున్న. ఆయన ఊదిండు.
డబ్బా కాసేపు ఆలోచించి
నూట పద్నాలుగు చూపెట్టింది.
సారు ఆ అంకె దిక్కు చాన సేపు చూసిండు,
బోర్డు మీద తన రాతే తప్పు పోయినట్టు.
"పంతొమ్మిది ఆర్లు" అన్నడు మెల్లగ.
మళ్లీ తనే,
"ముప్పై దాక ఊకుంటరు గదా.
ఎనభై నాలుగు ఎక్కువ."
ఇంత సక్కటి తీసివేత
గ్లాసు ముందర ఎటువోయిందో.

నేను మానేసి మూడేండ్లు.
బోనాల రాత్రి మా శిరీష అన్నం పెడుతుంటే
ఒక మాట అన్న. ఒక్కటే.
ముందు నుంచే నా కడుపుల ఉన్నదో
సీసాలోంచి వచ్చిందో
ఇప్పటికీ తేల్చుకోలే.
బిడ్డ తేల్చుకున్నది.
ఇప్పటికీ వేడిగనే వడ్డిస్తది,
నీళ్లు మరవదు.
కంచం నా ముందర పెట్టేటప్పుడు మాత్రం
అడుగు దూరంల నిలబడి, చెయ్యి చాపి పెడతది.

సారు రసీదు మడిచి జేబుల పెట్టుకున్నడు.
"గోషామహల్ కౌన్సెలింగుకు ఇంటోళ్లను తీసుకరావాల్నంట.
మా ఆవిడకు ఎట్ల చెప్పాలెరా?"
నాకేం తోచలే.
"ఇద్దరం కలిసి చెబుదాం సారూ" అన్న.
ఆయనకు గుర్తున్నదో లేదో.

ఆటో ఎక్కించిన. పది గజాలు పోయి ఆగింది.
తల బయట పెట్టి అరిచిండు,
"ఎల్లేశూ, స్టాండు వేసినవారా?"

"వేసిన సారూ."

చెయ్యి తీసి చూసిన.
ఇంకా పట్టుకునే ఉన్న.